రెండో గాడిలో కార్డు

దెయ్యం కథలన్నీ అర్ధరాత్రి మొదలవుతాయి. నాది మధ్యాహ్నం నాలుగింటికి మొదలైంది.

మేం పనిచేసే గదికి కిటికీ లేదు. విమానాశ్రయం కింది అంతస్తులో, పెట్టెలు తిరిగే పట్టాల వెనక, చీపుర్లూ బకెట్లూ పెట్టుకునే గది దాటాక, ఎడమవైపు ఇనుప తలుపు. దాని మీద 'మరిచిపోయిన సామాన్లు' అని రాసి ఉంటుంది. పైన అద్దాల హాలు, సెంటు వాసన, నున్నటి నేల మీద చక్రాల చప్పుడు. కింద మేం. పైన జనం చేయి జార్చుకున్నదల్లా కిందికి దిగి మా దగ్గరికి వస్తుంది. గొడుగులు, ఊతకర్రలు, ఒంటి చెప్పులు, ఒకసారి పెట్టుడు పళ్లు.

ఆ గది పద్ధతి ముందే చెప్పాలి. లేకపోతే జరిగింది అర్థం కాదు.

తలుపు పక్కన గోడకు చిన్న పెట్టె ఉంటుంది. దానికి రెండు గాడులు. షిఫ్టులో ఉన్న ఇద్దరూ తమ కార్డులు ఆ గాడుల్లో దోపాలి. రెండు పచ్చ దీపాలు వెలిగితేనే బల్ల మీది కంప్యూటరు బ్యాగు తెరవడానికి ఒప్పుకుంటుంది. 'తెరిచాం' అని నొక్కగానే తలుపుకు తాళం పడుతుంది. లోపలి వస్తువులన్నీ పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, 'ముగిసింది' అని నొక్కేదాకా ఆ తలుపు తెరుచుకోదు. రాసే తీరు కూడా ఒక్కటే. ఒకరు వస్తువు బయటికి తీసి గట్టిగా చదవాలి. "చొక్కా, ఒకటి." రెండోవాళ్లు రాసి బదులు చెప్పాలి. "రాశాను." ఆ బదులు వినపడ్డాకే తర్వాతి వస్తువు. ఫోన్లు బయట అరలో పెట్టి రావాలి.

ఇదంతా ఎందుకంటే, మేం దొంగలమని వాళ్ల నమ్మకం. పైన లక్షల సామాను పోగొట్టుకునేవాళ్లు పెద్దమనుషులు, దాన్ని తుడిచి దాచిపెట్టే మేం దొంగలం. శ్రమ చేసే చేతినే శంకించడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. ఈ మాట నేను కార్మిక సంఘం సమావేశంలో అన్నప్పుడు చప్పట్లు మోగాయి. నాకు ఆ చప్పట్లంటే ఇష్టం. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

నాతో షిఫ్టులో ఉండేది అక్క. తోడబుట్టిన అక్క కాదు, కానీ నా టిఫిన్ తగ్గితే తన డబ్బాలోంచి వేసేది, నా ఉపన్యాసం పెరిగితే నెత్తిన మొట్టేది. పన్నెండేళ్లుగా అదే గదిలో ఉంది. నన్ను 'నాయకుడూ' అని పిలిచేది, వెక్కిరింతగానే. మొగుడు లేడు. ఆరేళ్ల కూతురు ఉంది. బల్ల వెనక అక్క అర ఒకటి ఉండేది. అందులో పసుపు స్వెట్టరు, టిఫిన్ డబ్బా, గోడకు అంటించిన పాప బొమ్మ. బొమ్మలో అమ్మా పాపా చేతులు పట్టుకుని నిలబడి ఉంటారు. పైన కళ్లున్న సూర్యుడు.

ఆ రోజు మూడింటికి అక్క నీళ్లు తాగడానికి బయటికెళ్లి, ఫోను చూసుకుని, మొహం పాలిపోయి తిరిగొచ్చింది.

"పాపకి జ్వరం నూట నాలుగంట. పక్కింటావిడ చేసింది."

"వెళ్లు మరి."

"గడియారాన్ని అడిగాను."

గడియారం అంటే మా సూపర్‌వైజరు. చేతికొకటి, బల్ల మీదొకటి, గోడకొకటి ఉంటాయి అతనికి.

"ఏమన్నాడు?"

"ఇప్పటికి రెండు హెచ్చరికలు అయ్యాయి, మూడోసారి షిఫ్టు మధ్యలో వెళ్తే రేపట్నుంచి రానక్కర్లేదమ్మా అన్నాడు. 'అమ్మా' అన్నాడు చూడు, ఎంత మర్యాదో."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో నేను చాలా అందంగా మాట్లాడతాను.

"అక్కా, వెళ్లు. కార్డు గాడిలోనే ఉండనీ. నువ్వు ఇక్కడే ఉన్నట్టు. ఒక్కరి గాయం అందరి గాయం."

"నీ మైకు కట్టెయ్ నాయకుడూ. పట్టుబడితే?"

"కెమెరా చచ్చి రెండు నెలలైంది. గడియారం మెట్లు దిగడు, మోకాళ్లు నొప్పి. ఎవరికి తెలుస్తుంది?"

"బ్యాగు వస్తే? గంటలో రాయకపోతే పైన ఎర్రగా వెలుగుతుంది."

"నీ సంతకం నేను పెడతా. ఒక సున్నా, దానికో తోక. అదీ ఒక సంతకమేనా?"

అక్క నవ్వబోయి, నవ్వు రాక, చీర కుచ్చిళ్లు సర్దుకుంది. తలుపు దాకా వెళ్లి ఆగింది.

"ఒక్క మాట. బ్యాగు వస్తే నోరు మూసుకుని రాసెయ్. పైకి చదవకు."

"ఏం?"

"బదులు చెప్పే మనిషి లేకుండా చదవకూడదు. నాకు పని నేర్పినావిడ చెప్పింది. ఎందుకని నేనూ అడగలేదు, నువ్వూ అడక్కు."

"అడగొద్దంటేనే నాకు అడగాలనిపిస్తుంది. భయం పాలకుల ఆయుధం అక్కా."

"అందుకే నీకింకా పెళ్లి కాలేదు," అని, నేను తెరిచి పట్టుకున్న తలుపు సందులోంచి జారుకుంది. ఆమె చెప్పుల చప్పుడు పట్టాల రొదలో కలిసిపోయింది. లోపల రెండు పచ్చ దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి.

నేను లోలోపల గర్వపడ్డాను. పుస్తకాల్లో చదివిన ఐక్యత ఇవాళ చేతుల్లోకి వచ్చిందనుకున్నాను.

నాలుగింటికి లోడరు బాబాయి తలుపు కొట్టాడు. ముప్పై ఏళ్లుగా బరువులు మోసి ఒక పక్కకు ఒరిగిపోయిన మనిషి. చేతిలో చిన్న చక్రాల బ్యాగు. విమానంలో మనతోపాటే తీసుకెళ్తామే, తల మీది అరలో పట్టేది, అలాంటిది. బూడిద రంగు. ఒక చక్రం లేదు. పట్టుకునే పిడికి నల్లదారం చుట్టి ఉంది, దాని కొస ఎవరో పళ్లతో కొరికి తెంపినట్టు.

"ఏడో గేటు కాడ కుర్చీ కింద ఉందంట. స్కానింగ్‌లో పెడితే ఖాళీ అని వచ్చింది. ఖాళీ బ్యాగు ఇంత బరువేంటి నాయనా? నా నడుం పడిపోయింది."

"ఖాళీ బ్యాగు ఎవరు మరిచిపోతారు బాబాయ్?"

"మరిచిపోయారో, వదిలించుకున్నారో." లోపలికి తొంగి చూశాడు. "అమ్మాయేది?"

"అరల వెనక ఉంది," అన్నాను. అదే మొదటి అబద్ధం. బాబాయి వెళ్లిపోయాడు.

బ్యాగు బల్ల మీద పెట్టాను. 'తెరిచాం' నొక్కాను. తలుపు లోపల ఇనుప కడ్డీ దిగింది. ధన్. ఆ చప్పుడు రోజూ పదిసార్లు వింటాను. ఆ రోజు మాత్రం అది కాస్త ఆలస్యంగా, రెండుసార్లు వినిపించినట్టనిపించింది.

జిప్పు లాగాను. తడి ఉన్నిబట్ట వాసన. దాని వెనక చాన్నాళ్లు మూసి ఉంచిన బీరువా వాసన, కలరా ఉండల వాసన. దాని వెనక ఇంకేదో. జ్వరం పడ్డవాళ్ల తలగడ వాసనలాంటిది.

నోరు మూసుకుని రాసెయ్యాల్సింది. కానీ మూడేళ్ల అలవాటు. పైగా అక్క చెప్పిన మూఢనమ్మకం మీద నా కోపం. ఖాళీ గదికి వినిపించేలా కావాలని గట్టిగా చదివాను.

"చొక్కా, ఒకటి."

అది మా యూనిఫాం చొక్కాయే. కాకపోతే పాతది. జేబు మీద ఇప్పుడు లేని గుర్తు. పుస్తకం బల్లకు అటువైపు, అక్క కూర్చునే చోట ఉంది. అన్నీ చదివాక అటెళ్లి ఒకేసారి రాద్దామనుకున్నాను.

"దువ్వెన, ఒకటి."

పళ్ల మధ్య పొడుగాటి నెరిసిన వెంట్రుకలు.

"కళ్లద్దాల పెట్టె, ఒకటి. ఖాళీ."

ట్యూబులైటు గుయ్యిమంది.

"గుర్తింపు కార్డు, ఒకటి. ఫొటో చెరిగిపోయింది."

"రాశాను."

చాలా మెల్లగా. అరల వెనక నుంచి. ఆడగొంతో మగగొంతో చెప్పలేను. చాలాకాలం మాట్లాడకుండా ఉన్న గొంతు, దాని మీది దుమ్ము దులుపుకున్నట్టు.

అక్క తిరిగొచ్చిందనుకున్నాను. నిజంగా అనుకున్నాను. "అక్కా?" అన్నాను. తలుపుకు తాళం పడి ఉందని తర్వాత గుర్తొచ్చింది.

అరల మధ్య నడిచాను. ఎనిమిది వరసలు. ఒక్కో వరసలో చీట్లు వేలాడుతున్న పెట్టెలు, సంచులు. చివరి వరస దాటితే గోడ. ఎవరూ లేరు. గోడ దగ్గర నేల మీద మాత్రం తడిగా రెండు పాదాల గుర్తులు. మడమలు నావైపు, వేళ్లు గోడవైపు.

వెనక్కి వచ్చాను. పుస్తకం తెరిచి ఉంది. నాలుగు వస్తువులూ వరసగా రాసి ఉన్నాయి. గుండ్రటి, పాతకాలపు అక్షరాలు. అక్కవి కావు. నావి కావు.

'ముగిసింది' అని నొక్కాను.

తెర మీద అక్షరాలు వచ్చాయి. 'జాబితా కొనసాగుతోంది.'

మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. గాడిలోంచి నా కార్డు లాగబోయాను. రాలేదు. తలుపు పిడి పట్టుకుని గుంజాను. ఇనుము ఇనుములాగే ఉంది.

బల్ల చివర ఎర్ర బొత్తాం ఉంటుంది. నొక్కితే గడియారం పలుకుతాడు. నొక్కితే మనుషులొస్తారు. వస్తే అక్క లేదని తెలుస్తుంది. మూడో హెచ్చరిక. రేపట్నుంచి రానక్కర్లేదమ్మా. ఆ బొత్తాం మీద వేలు పెట్టి నిలబడ్డాను. ఒకటి, రెండు నిమిషాలు నిలబడ్డాను కూడా. ఆ రెండు నిమిషాలకు మాత్రం నేను నా గురించి చెప్పుకునే మనిషినే.

అప్పుడు అరల వెనక ఎవరో ఊపిరి పీల్చుకున్నారు... ఏదో చదవబోతున్నట్టు.

నొక్కేశాను.

"ఏమయ్యా?" గడియారం గొంతు.

"సార్, తలుపు తీయండి. ఇప్పుడే."

"జాబితా అయ్యిందా?"

"అవలేదు సార్. ఒంట్లో బాగాలేదు."

"నీకు బాగాలేకపోతే ఆవిడ రాస్తుంది. ఇద్దర్ని పెట్టింది ఎందుకు మరి, ముచ్చట్లు చెప్పుకోవడానికా?"

తర్వాత మాట అనకూడదని తెలుసు. అన్నాను.

"అక్క లేదు సార్. మూడింటికే వెళ్లిపోయింది. కార్డు ఒక్కటే ఉంది. నేనొక్కణ్నే ఉన్నాను."

అవతల కుర్చీ కిర్రుమంది. తర్వాత నవ్వాడు.

"కెమెరా ఇంకా చచ్చే ఉందనుకున్నావా? పొద్దునే బాగు చేయించాను. తెర మీద ఇద్దరూ చక్కగా కనిపిస్తున్నారు. మీ సంఘంవాళ్ల నాటకాలు నా దగ్గర కాదు." కాస్త ఆగాడు. "ఆవిడేంటి, అలా గోడవైపు తిరిగి నిలబడింది? పని చేయమను."

లైను తెగిపోయింది.

నేను వెనక్కి తిరగలేదు. బల్ల అంచు పట్టుకుని, కెమెరా కింద వెలుగుతున్న ఎర్ర చుక్కనే చూస్తూ నిలబడ్డాను. నా వెనక ఎనిమిది వరసల అరలు. వాటి వెనక గోడ.

అక్కణ్నుంచి ఆ గొంతు చదివింది.

"పెన్ను, ఒకటి."

జేబు తడుముకున్నాను. నా పెన్ను లేదు. బ్యాగులోకి చూశాను. అట్టడుగున ఉంది. మూత కొరికిన గుర్తులతో సహా.

నేను బదులు చెప్పలేదు.

"పెన్ను, ఒకటి." ఈసారి గోడ దగ్గర నుంచి కాదు. ఒక వరస ఇటుగా.

నేను పళ్లు బిగించాను.

"పెన్ను, ఒకటి." ఇంకో వరస ఇటుగా. తడి పాదం నేల మీద అంటుకుని ఊడిన చప్పుడు.

"రాశాను!" అని అరిచాను.

చప్పుడు ఆగింది. అప్పుడర్థమైంది. బదులు చెప్తే అక్కడే ఆగుతుంది. చెప్పకపోతే దగ్గరికొస్తుంది.

"చేతి గడియారం, ఒకటి."

మణికట్టు తేలికైంది.

"రాశాను."

"కళ్లద్దాలు, ఒకటి."

గది మసకబారింది. దీపాలు తెల్లటి మరకలయ్యాయి. పుస్తకంలో అక్షరాలు చీమల బారులయ్యాయి. బ్యాగులో ఆ ఖాళీ పెట్టె మూసుకున్న చప్పుడు వినిపించింది. టిక్.

"రాశాను..."

"బూటు, ఒకటి. కుడిది."

పాదం కింద గచ్చు చల్లగా తగిలింది. మేజోడు కూడా లేదు.

"రాశాను. ఇక చాలు... చాలు."

ఈ గదిలో ఎన్ని వందల బ్యాగులు విప్పాను. ఎవరివో లోబట్టలు, మందులు, ఉత్తరాలు. ఒక్కొక్కటీ బయటికి లాగి, జాలి లేకుండా, గట్టిగా చదివాను. ఇదీ అదే గొంతుతో చదువుతోంది. అలసిపోయిన, పని తెలిసిన గొంతు. దానికి నా మీద కోపం లేదు. అదే అన్నిటికంటే భయంగా ఉంది.

"గోరు, ఒకటి. ఎడమ చూపుడు వేలు."

మంట. వేలి చివర వెచ్చగా తడి. నేను కిందికి చూడలేదు.

"రా... రాశాను."

"పన్ను, ఒకటి."

నోట్లో ఇనుప రుచి. నాలుక వెళ్లి ఖాళీని తాకింది.

"రాశాను."

నా ఏడుపు నాకే వినిపిస్తోంది. తర్వాత, వరసలేవీ దాటకుండానే, నా కుడి చెవి పక్కనే...

"మనిషి, ఒకడు."

జ్వరం వాసన మొహం మీదికి కొట్టింది.

బదులు చెప్తే నేను ఉండను. చెప్పకపోతే అది రావడానికి ఇంకా దూరమేం మిగల్లేదు. ఆ క్షణంలో నేను చదివిన పుస్తకం ఒక్కటీ గుర్తు రాలేదు. నా నోటికి వచ్చే వందల మాటల్లో ఒక్కటీ రాలేదు. వచ్చింది ఇది.

"ఆగు... ఆగు. ఇంకా ఉన్నాయి. ఈ గదిలో ఇంకొకరి సామాన్లు ఉన్నాయి. నేను చదువుతాను. నువ్వు రాయి."

అది ఆగింది. నేను తడుముకుంటూ అక్క అర దగ్గరికి వెళ్లాను. చేతికి మెత్తగా ఉన్ని తగిలింది.

"స్వెట్టరు, ఒకటి. అక్కది."

"రాశాను." ఆ గొంతులో ఏదో కదిలింది. చాన్నాళ్లకు ఎవరో తన వంతు గుర్తుపెట్టుకున్నట్టు.

"టిఫిన్ డబ్బా, ఒకటి. అక్కది."

"రాశాను."

"బొమ్మ, ఒకటి."

ఈసారి బదులు రాలేదు. ఆ తర్వాత మొదటిసారి అది ప్రశ్న అడిగింది.

"ఎవరు గీశారు?"

ఇక్కడ నేను ఆగి ఉండొచ్చు. ఆగానని రాసుకోవాలని ఎంత ఉందో. కానీ ఇది ఉన్నది ఉన్నట్టు రాయాల్సిన జాబితా.

"అక్క కూతురు," అన్నాను. "ఆరేళ్లు. జ్వరంతో ఇంట్లో పడుకుంది. అక్క కూడా అక్కడే ఉంది." పాప పేరు చెప్పాను. వీధి చెప్పాను. మేడ మీద రెండో తలుపని కూడా చెప్పాను. అది అడగలేదు. నేనే చెప్పాను.

"రాశాను."

కంప్యూటరు టింగుమంది. ధన్ అని కడ్డీ లేచింది. తలుపు దానంతటదే చెయ్యంత తెరుచుకుంది. బయట పట్టాల రొద. ఎవరో ఏదో చెప్పి నవ్వుతున్నారు. గోడ పెట్టెలోంచి నా కార్డు సగం బయటికి వచ్చి ఉంది. మొహం దగ్గరగా పెట్టి చూశాను. రెండో గాడి ఖాళీ.

కుంటుకుంటూ బయటికి పరుగెత్తాను. అరలోంచి ఫోను తీసి, కంటికి ఆనించుకుని, అక్కకు చేశాను. మూడో మోతకు ఎత్తింది.

"నాయకుడూ! బతికున్నావా? జ్వరం దిగిందయ్యా. డాక్టరు సూది వేశాడు. ఇప్పుడే గంజి తాగింది. నువ్వు లేకపోతే..."

"అక్కా, పాపను తీసుకుని ఇంట్లోంచి బయటికి రా. ఇప్పుడే."

"ఏంటా గొంతు? గడియారానికి తెలిసిపోయిందా?"

"అక్కా, తలుపు..."

"ఉండు, కుళాయి చప్పుడుకు సరిగా వినపడట్లేదు. గిన్నెలు తోముతున్నా. పాప మంచం మీద ఆడుకుంటోంది. విను, ఎంత హుషారుగా ఉందో."

ఫోను దూరంగా పట్టుకున్నట్టుంది. కుళాయి నీళ్ల చప్పుడు. దాని వెనక, పక్క గదిలోంచి, పాప గొంతు. కిలకిలా నవ్వుతూ.

"రాశాను!"

"చూశావా, మన ఆటే. నేను ఇంట్లో సర్దుతూ చదివితే అలా అంటుంది," అంది అక్క.

"అక్కా... ఇప్పుడు ఎవరు చదువుతున్నారు?"

నీళ్ల చప్పుడు.

"నేనే కదా..." అని ఆగిపోయింది. "నేను వంటింట్లో ఉన్నాను కదా."

నీళ్ల వెనక నుంచి నాకు వినిపించింది. అలసిపోయిన, పని తెలిసిన గొంతు.

"అమ్మ, ఒకరు."

"వద్దు పాపా!" అని నేనూ అరిచాను, అక్కా అరిచింది. పాపకు ఆట మాత్రమే తెలుసు.

"రాశాను!"

ఆ తర్వాత ఫోనులో కుళాయి ఒక్కటే మిగిలింది. నేను ఆ మేడ ఎక్కేసరికి కూడా అది పారుతూనే ఉంది. సగం తోమిన గిన్నె తొట్టిలో తిరుగుతోంది. పాప మంచం మీద కూర్చుని గోడకు బొమ్మలు గీస్తోంది. ఒళ్లు చల్లగా ఉంది. "అమ్మ పనికెళ్లింది," అంది. "మెడలో కార్డు వేసుకుని ఒకావిడ వచ్చి తీసుకెళ్లింది."

ఇది జరిగి ఎనభై తొమ్మిది రోజులు. పాప వాళ్ల పిన్ని దగ్గర ఉంది. నేను అదే గదిలో ఉన్నాను. ఉద్యోగం మానెయ్యొచ్చు. రెండుసార్లు రాజీనామా రాశాను, రెండుసార్లూ చింపేశాను. ఆ బ్యాగు మూడో వరసలో ఉంది. జాబితాలోంచి 'అమ్మ, ఒకరు' కొట్టెయ్యాలంటే ఇక్కడే, షిఫ్టులో ఉన్న ఇద్దరి సంతకాలతోనే కొట్టెయ్యాలి. అదొక్కటే నాకున్న దారి.

నేను షిఫ్టుకు ఎంత ముందొచ్చినా రెండో గాడిలో అక్క కార్డు అప్పటికే ఉంటుంది. పచ్చ దీపం వెలుగుతూ ఉంటుంది. గడియారం చాలా సంతోషంగా ఉన్నాడు. "మీ అక్కను చూసి నేర్చుకో," అంటాడు. "ఒక్క నిమిషం ఆలస్యం లేదు, ఒక్క సెలవు లేదు, ఒక్క మాట ఎదురు చెప్పదు." ఆ రెండు హెచ్చరికలూ కొట్టేశాడు. నా సంఘం ఎన్ని నినాదాలిచ్చినా సాధించలేనిది అది. వాళ్లకు కావాల్సిన మనిషి దొరికింది. నేనే తెచ్చి ఇచ్చాను.

తొంభై రోజులు ఎవరూ రాకపోతే బ్యాగును కాల్చేస్తారు. కాల్చేముందు మళ్లీ తెరిచి, జాబితా మళ్లీ చదివి సరిచూడాలి. ఇవాళ పొద్దున ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చింది.

బ్యాగు బల్ల మీద పెట్టాను. చెవి ఆనించాను. లోపల ఎక్కడో, చాలా దూరంగా, కుళాయి పారుతోంది.

'తెరిచాం' నొక్కాను. ధన్.

జిప్పు లాగాను. అన్నిటికంటే పైన పాప బొమ్మ ఉంది. కళ్లున్న సూర్యుడు. చేతులు పట్టుకున్న అమ్మా పాపా. ఇదివరకు వాళ్లిద్దరే ఉండేవాళ్లు. ఇప్పుడు పక్కన ఇంకొకరున్నారు. అదే పెన్సిలు, అదే పిల్లచేతి గీత. సన్నటి మగమనిషి. కుడికాలికి బూటు లేదు. చేతిలో తెరిచిన పుస్తకం ఉంది.

అతనొక్కడే గోడవైపు తిరిగి ఉన్నాడు.